బాల్ పైథాన్ తల్లి గుడ్లకు ఇచ్చేది వేడి కాదు, తేమ

పొదగడం అనగానే అందరికీ గుర్తొచ్చేది కోడిపెట్ట. గంపలో వరిగడ్డి పరిచి గుడ్ల మీద కూర్చోబెడితే, ఒంటి వేడితో 21 రోజుల్లో పిల్లల్ని లేపుతుంది. అదే లెక్క పాముకూ వర్తిస్తుందని, గుడ్ల చుట్టూ చుట్టుకుని పడుకున్న బాల్ పైథాన్ (ఆఫ్రికా కొండచిలువల్లో ఒక జాతి) కూడా వాటిని వెచ్చబెడుతోందని చాలామంది అనుకుంటారు. పాములు పెంచేవాళ్లలోనూ ఈ నమ్మకం బలంగానే ఉంది. గుడ్లను ఇంక్యుబేటర్‌లో పెట్టకుండా తల్లి దగ్గరే వదిలేసినవాళ్లు దాదాపు రెండు నెలలు టెన్షన్‌తో గడుపుతారు. తల్లి సరిగ్గా పొదుగుతోందా, వేడి చాలుతోందా అని రోజుకోసారి పాము ఉన్న పెట్టె మూత తీసి చూస్తారు. ఆ తల్లి చేస్తున్న పని ఏమిటో తెలిస్తే మూత మీద చెయ్యి వేయడానికే వెనకాడతారు.

కొండచిలువ గుడ్లను వెచ్చబెడుతుందా అనే వాదన దాదాపు 200 ఏళ్ల నాటిది. భారతదేశంలో కొండచిలువలను చూసి వెళ్లిన లామార్-పికో అనే ఫ్రెంచి ప్రకృతి పరిశీలకుడు, పొదిగే కొండచిలువ ఒళ్లు వెచ్చగా ఉంటుందని 1832లో పారిస్‌లోని సైన్స్ అకాడమీకి చెప్పాడు. చల్లని రక్తపు జీవికి వెచ్చదనం ఏమిటని పెద్దలు కొట్టిపారేశారు. 1841లో వాలన్‌సియెన్ అనే శాస్త్రవేత్త అదే పారిస్‌లో, గుడ్ల మీద ఉన్న కొండచిలువ చుట్టల మధ్య ఉష్ణోగ్రత కొలిచి, చుట్టూ ఉన్న గాలి కంటే అది బాగా ఎక్కువని చూపించాడు. వేడి ఎలా పుడుతుందో మాత్రం 1966 దాకా తేలలేదు. అప్పట్లో భారతీయ కొండచిలువలో ఉపజాతిగా లెక్కవేసిన బర్మీస్ పైథాన్‌ను న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జూలో గమనించినప్పుడు సంగతి బయటపడింది. ఆ తల్లి కండరాలను ఒక లయలో అదిరిస్తూ, వణికినట్టు కదులుతూ వేడి పుట్టిస్తోంది. చుట్టూ చల్లబడేకొద్దీ ఆ అదుర్లు పెరిగాయి.

ఈ కథ విన్నవాళ్లు దాన్ని పైథాన్లన్నిటికీ అంటగట్టారు. పొరపాటు అక్కడే జరిగింది. బాల్ పైథాన్ వణకదు. 1987లో ఎల్లిస్, చాపెల్ అనే ఇద్దరు పరిశోధకులు పొదిగే బాల్ పైథాన్లు ఎంత ఆక్సిజన్ వాడుతున్నాయో, వాటి ఒంటి ఉష్ణోగ్రత ఎంతుందో కొలిచారు. బర్మీస్ పైథాన్‌లో లాగా ఒంట్లో వేడి పుట్టించడం వీటిలో కనిపించలేదు. చుట్టూ గాలి ఎంత వెచ్చగా ఉంటే తల్లి అంతే వెచ్చగా ఉంది, గుడ్లూ అంతే. గది చల్లబడితే తల్లీ గుడ్లూ కలిసి చల్లబడతాయి. ఒంట్లో వేడి పుట్టించలేని ఈ జీవి మరి రెండు నెలలు తిండి మానేసి గుడ్లను వదలకుండా ఎందుకు పడుకుంటుంది?

దీనికి జవాబు దాని సొంత నేలలోనే దొరుకుతుంది. బాల్ పైథాన్ పశ్చిమ, మధ్య ఆఫ్రికా పాము. సెనెగల్ నుంచి తూర్పున ఉగాండా దాకా గడ్డిభూముల్లో, పొలాల్లో బతుకుతుంది. పెంపుడు పాముల వ్యాపారంలో ఇది ఎక్కువగా ఘనా, టోగో, బెనిన్ దేశాల నుంచి వచ్చింది. బెనిన్‌లోని ఊయిదా పట్టణంలో ఈ పాములకు ఏకంగా గుడి ఉంది. అక్కడ వీటిని చంపరు. దారి తప్పి ఇళ్లలోకి వస్తే తీసుకెళ్లి గుడిలో వదులుతారు. చుట్టుపక్కలేమో గుడ్లతో ఉన్న ఆడపాములను బొరియల్లోంచి తవ్వి తీసి, వాటి గుడ్లను కేంద్రాల్లో పొదిగించి, పిల్లలను విదేశాలకు పంపే వ్యాపారం దశాబ్దాలుగా నడుస్తోంది. ఆ ఎగుమతుల లెక్క లక్షల్లో ఉంటుంది. ఈ జాతి ఇప్పుడు అంతర్జాతీయ జాబితాల్లో ముప్పుకు చేరువలో ఉన్నదిగా నమోదైంది.

దక్షిణ టోగోలో ఆడపాము ఎండాకాలం చివర్లో, ఎలుకలు తవ్విన బొరియలోనో పాత చెదల పుట్టలోనో గుడ్లు పెడుతుంది. బయట నేల మాడిపోతున్నా ఆ కలుగులో ఉష్ణోగ్రత పెద్దగా మారదు. పగలూ రాత్రీ దాదాపు ఒకే తీరున, గుడ్డు ఎదగడానికి సరిపడా వెచ్చగానే ఉంటుంది. అంటే వేడి సంగతి నేలే చూసుకుంటోంది. దొరకనిది నీరు. వర్షాలు పడే లోపు నెలల తరబడి నేల ఎండిపోతుంది, బొరియలో గాలి కూడా పొడిబారుతుంది. పిల్లలు బయటికి వచ్చేది వానలు మొదలయ్యే వేళకు. గుడ్లు మాత్రం ఆ పొడి రోజులన్నీ నేలలోపలే దాటాలి.

ఫాబియన్ ఓబ్రే, జేవియర్ బోనే, రిచర్డ్ షైన్ తదితరులు టోగోలో చేసి, 2000ల మొదటి సగంలో ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయాన్ని తేల్చేశాయి. ఒక ప్రయోగంలో వాళ్లు గుడ్ల సంఖ్యను మార్చారు. కొన్ని తల్లుల దగ్గర్నుంచి కొన్ని గుడ్లు తీసేశారు, కొన్నిటికి వేరే తల్లుల గుడ్లు కలిపారు, మిగతావాటిని ఉన్నట్టే ఉంచారు. తల్లులకు తమ గుడ్లు, పరాయి గుడ్లు అన్న తేడా లేదు. ఎన్ని ఉంటే అన్నిటినీ చుట్టుకోవడానికే చూశాయి. ఎక్కువ గుడ్లున్న తల్లి మరీ చిక్కిపోలేదు, దాని కష్టమూ ఎక్కువ కాలేదు. దెబ్బ పడింది గుడ్లకే. తల్లి ఒంటి పొడవుకు ఒక హద్దుంది. గుట్ట పెద్దదైతే చుట్టలు దాన్ని పూర్తిగా కప్పలేవు. బయటికి మిగిలిన చోట్ల నుంచి నీరు ఆవిరైపోయింది. ఆ గుట్టల్లో పిల్లలైన గుడ్లు తగ్గాయి. పిల్లలైనవి కూడా ఆలస్యంగా, చిన్నగా వచ్చాయి. నీరు పోవడంతో గుడ్డులోని పచ్చసొన చిక్కగా గడ్డకట్టి, పిల్ల దాన్ని పూర్తిగా వాడుకోలేకపోయింది.

ఇందులో ఆలోచించాల్సిన మాట ఒకటుంది. బాల్ పైథాన్ ఒక విడతలో పెట్టే గుడ్లు తక్కువే. సాధారణంగా నాలుగు నుంచి ఎనిమిది, అరుదుగా పది దాటుతాయి. బర్మీస్ పైథాన్ లాంటి పెద్ద పాములు పదుల కొద్దీ పెడతాయి. అన్ని తక్కువ పెట్టడానికి కారణం కడుపులో చోటు చాలకపోవడం ఒక్కటే కాదని ఆ ప్రయోగం చూపిస్తోంది. ఎన్నిటిని చుట్టుకోగలదన్నది కూడా లెక్కలోకి వస్తుంది. చుట్టలో ఇమడని గుడ్డు పెట్టీ ఉపయోగం లేదు.

2005లో వచ్చిన ఇంకో ప్రయోగంలో కొన్ని గుడ్లను మొదటి నుంచి చివరి దాకా తల్లి దగ్గరే ఉంచారు, కొన్నిటిని మొదటి 15 రోజులే ఉంచారు, కొన్నిటిని అసలు ఉంచలేదు. తల్లి ఎంతకాలం ఉందన్నదాన్ని బట్టి గుడ్ల గతి మారింది. తల్లి లేని గుడ్లు నీరు కోల్పోయి ఎక్కువగా చెడిపోయాయి. వాటి నుంచి వచ్చిన పిల్లలు చిన్నవి, చురుకుదనమూ తక్కువ. ఉష్ణోగ్రత ఒకే తీరున ఉన్నా ఇంత తేడా వచ్చిందంటే, తల్లి చుట్ట చేసే మేలులో ముఖ్యభాగం తేమను పట్టి ఉంచడమేనని ఒప్పుకోక తప్పదు.

గుడ్డు సంగతి కూడా కొంచెం చూడాలి. కోడిగుడ్డు పెంకు సున్నపుది, గట్టిది. పాము గుడ్డు పెంకు మెత్తటి తోలులా ఉంటుంది. గాలి ఆ పెంకు గుండా లోపలికి వెళ్తుంది, నీరు బయటికి పోతుంది. చుట్టూ తేమ ఎక్కువుంటే గుడ్డు నీరు పీల్చి ఉబ్బుతుంది, తక్కువుంటే ఇచ్చేసి చొట్టబడుతుంది. పెట్టిన కాసేపటికే గుడ్లు ఒకదానికొకటి అంటుకుపోయి ముద్దలా తయారవుతాయి. ఆ అంటుకోవడం వల్ల కూడా గాలి తగిలే ఉపరితలం తగ్గుతుంది. లోపలి గుడ్లకు పక్క గుడ్లే గోడలు. పైనున్నవాటికి తల్లి ఒళ్లు గోడ. తల్లి చర్మం నుంచి నీరు పెద్దగా పోదు కాబట్టి ఆ గోడ లోపల గాలి నిండా తేమ పట్టి నిలుస్తుంది.

అలాగని గట్టిగా బిగించి ఉంచితే సరిపోదు. పిండానికి ఊపిరి కావాలి. ఎదిగేకొద్దీ అది వాడే ఆక్సిజన్ పెరుగుతుంది, చివరి వారాల్లో మరీ ఎక్కువ. బిగించిన చుట్ట లోపల గాలిలో ఆక్సిజన్ తగ్గుతుంది, కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. ఆస్ట్రేలియాలో ఉండే చిన్నపాటి చిల్డ్రన్స్ పైథాన్ మీద డెనార్డో, స్టాల్‌ష్మిట్ చేసిన పనిలో ఇది స్పష్టంగా కనిపించింది. తల్లి ఎక్కువ సేపు బిగుతుగానే ఉంటుంది, అప్పుడప్పుడూ చుట్టలు సడలించి, ఒళ్లు పైకెత్తి, సందులు తెరుస్తుంది. తెరిచిన ప్రతిసారీ గుడ్లు కాస్త నీరు పోగొట్టుకుంటాయి, కాస్త కొత్త గాలి పొందుతాయి. ఈ రెండింటి మధ్య ఎప్పుడు ఏది కావాలో తల్లి నిర్ణయిస్తుంది. చిల్డ్రన్స్ పైథాన్‌లో కొలిచిన ఆ అంకెలు యథాతథంగా బాల్ పైథాన్‌వి కావు. కానీ పొదిగే బాల్ పైథాన్‌ను కదపకుండా కాసేపు గమనిస్తే అదే పని కనిపిస్తుంది. అడుగునున్న చుట్ట గుడ్లను ఆనుకునే ఉంటుంది. పైచుట్టలు కొద్దిగా వదులై, గుడ్ల ముద్ద మీద తెల్లటి సందు ఒకటి కనిపిస్తుంది, కాసేపటికి మళ్లీ మూసుకుంటుంది. తల మాత్రం ముద్ద పైభాగాన, చుట్టల అంచు మీద ఆనించి ఉంటుంది. ఎవరైనా దగ్గరికొస్తే ఆ సందు వెంటనే మూసుకుపోతుంది, చుట్ట బిగుస్తుంది. అలా మాటిమాటికీ బిగుసుకునేలా చేయడమంటే గుడ్లకు గాలి అందాల్సిన వేళల్లో తలుపు మూయించడమే. రోజూ మూత తీసి చూడొద్దని చెప్పడానికి ఇది మొదటి కారణం. రెండోది, తెరిచినప్పుడల్లా పెట్టెలో పట్టిన తేమ గదిలోకి పోతుంది.

గుడ్లు పెట్టే ముందు కొన్ని సూచనలు కనిపిస్తాయి. అండాలు విడుదలైన తర్వాత తల్లి ఒకసారి కుబుసం విడుస్తుంది. ఆ కుబుసం తర్వాత దాదాపు నెల రోజులకు గుడ్లు పెడుతుంది. అప్పటికే చాలా తల్లులు తిండి మానేస్తాయి. ఒక్కో గుడ్డు 80 నుంచి 100 గ్రాముల దాకా తూగుతుంది. గుడ్ల బరువంతా కలిపితే తల్లి బరువులో మూడోవంతు దాకా వెళ్లొచ్చు. తల్లికి అసలు ఖర్చు ఇదే. తర్వాతి రెండు నెలల కాపలాకు కదలిక లేదు, వేడి పుట్టించే పనీ లేదు కాబట్టి అది ఖర్చుపెట్టే శక్తి అంత ఎక్కువేం కాదు. గుడ్లు పెట్టిన రోజు తల్లి ఒళ్లు ఒక్కసారిగా మడతలు పడి, వెన్ను బయటికి వచ్చినట్టు కనబడితే చూసేవాళ్లకు గాబరా పుడుతుంది. ముందు నుంచి మంచి తిండి తిని కండ పట్టిన పాముకు అది మామూలే. బక్కగా ఉండి గుడ్లు పెట్టిన పాము సంగతి వేరు. దాని దగ్గర గుడ్లు ఉంచడం న్యాయం కాదు. ఆ గుడ్లను ఇంక్యుబేటర్‌కు మార్చి, తల్లికి త్వరగా తిండి మొదలుపెట్టించడమే మేలు.

గుడ్డు మంచిదో కాదో తెలుసుకోవడానికి చీకట్లో టార్చి వెలుగు పట్టి చూస్తారు. మంచి గుడ్డులో ఎర్రటి సన్నని రక్తనాళాలు అల్లుకుని కనిపిస్తాయి. పసుపు రంగులో, చిన్నగా, మైనంలా గట్టిగా ఉన్నది వట్టి గుడ్డు, దాన్లో పిల్ల ఉండదు. తల్లి దగ్గరే పొదిగించాలనుకుంటే ఈ పరీక్ష మొదటి రోజు చేస్తే సరే, తర్వాత మానేయడం ఉత్తమం. ఎందుకంటే మొదటి రోజులు దాటాక పిండం గుడ్డులో పైభాగాన ఒకచోట అతుక్కుంటుంది. గుడ్డును తిప్పేస్తే సొన బరువు దాని మీద పడి చనిపోవచ్చు. కోడిగుడ్లను రోజూ తిప్పుతారు కదా అని పాము గుడ్లనూ తిప్పేవాళ్లు ఉన్నారు. అది సరాసరి ప్రాణాల మీదికి తెచ్చే పని. తల్లి దగ్గర ఉన్న గుడ్లను తీయాల్సి వస్తే పైవైపు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, ఉన్న దిశలోనే ఎత్తాలి, ఉన్న దిశలోనే పెట్టాలి. ఒకదానికొకటి అంటుకున్నవాటిని లాగి విడదీయకూడదు. వట్టి గుడ్డు ముద్దలో ఇరుక్కుని బూజు పట్టినా, పక్కనున్న మంచి గుడ్లు చాలావరకు తట్టుకుంటాయి.

మగపాము లేకుండా పెట్టిన గుడ్లన్నీ వట్టివే అని తీర్మానించడం కూడా తొందరపాటే. అమెరికాలోని సెయింట్ లూయిస్ జూలో కనీసం 62 ఏళ్లున్న ఒక బాల్ పైథాన్ 2020 జూలైలో ఏడు గుడ్లు పెట్టింది. అప్పటికి పదిహేనేళ్లకు పైగా దానికి మగపాము తోడు లేదు. ఈ జాతిలో ఆడపాము వీర్యాన్ని ఒంట్లో దాచుకోగలదు. అరుదుగా మగపాము ప్రమేయం లేకుండానే పిల్లలను కూడా కనగలదు.

ఇక రోజుల లెక్క. 31, 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర గుడ్లు 55 నుంచి 60 రోజుల్లో పిల్లలవుతాయి. రెండు మూడు డిగ్రీలు తగ్గితే రోజులు పెరుగుతాయి. బాగా తగ్గి అలాగే ఉండిపోతే పిల్ల ఎదగదు. పైకి పోవడం అంతకంటే ప్రమాదం. 34 దాటి నిలిస్తే వెన్ను వంకరలు, కళ్ల లోపాలు వస్తాయి, గుడ్డులోనే చనిపోవచ్చు. తల్లి వేడి పుట్టించలేదు కాబట్టి ఈ హద్దుల్లో ఉంచే బాధ్యత పెంచేవాళ్లదే. పెట్టె అంతటా ఒకే తీరు వెచ్చదనం ఉండాలి. అడుగు నుంచి హీట్ ప్యాడ్ పెట్టి, వేడిని హద్దులో ఉంచే థర్మోస్టాట్ లేకుండా వదిలేస్తే అడుగు గుడ్లు మాడుతాయి, పైవి చల్లగా ఉంటాయి. తల్లి తాను పడుకున్న చోటు మార్చి సర్దుకోగలదు, గుడ్లు సర్దుకోలేవు. థర్మోస్టాట్ ప్రోబ్, అంటే వేడిని కొలిచే కొన, గుడ్ల ఎత్తులోనే ఉంటే అంకె నిజం చెబుతుంది.

తేమకు పెట్టెలో ఒక మూల తడి నాచు, పెద్ద నీళ్ల గిన్నె, గాలి ఆడే కొద్దిపాటి రంధ్రాలు చాలు. చుట్టూ గాలిలో తేమ 80 శాతం దరిదాపుల్లో ఉంటే తల్లి మిగతాది చూసుకుంటుంది. గుడ్ల మీద నీళ్లు చల్లకూడదు. తడిసిన పెంకు రంధ్రాలు మూసుకుపోతాయి, ఊపిరి ఆడదు. గిన్నె తల్లికి అందే దూరంలో ఉంచితే అప్పుడప్పుడూ రాత్రిపూట వచ్చి తాగి మళ్లీ గుడ్ల దగ్గరికి వెళ్తుంది. నీళ్లు తాగడానికి కదిలిన తల్లి గుడ్లను వదిలేసిందని అనుకుని వాటిని తీసేసేవాళ్లున్నారు. కొన్ని గంటలు దూరంగా ఉండిపోతే ఆలోచించాలి తప్ప, అంతకుముందే చెయ్యి పెట్టాల్సిన పని లేదు.

మన దగ్గర పెంచేవాళ్లకు ఈ లెక్కలు కాస్త తిరగబడతాయి. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో గది ఉష్ణోగ్రత దానంతటదే 34 దాటుతుంది, గాలి మాత్రం ఎండుగా ఉంటుంది. అక్కడ సమస్య వేడి చేయడం కాదు, చల్లగా ఉంచడం. ఏసీ వేస్తే గాలి ఇంకా పొడిబారుతుంది. కాకినాడ, విశాఖ లాంటి చోట్ల తేమకు కొదవ లేదు, వర్షాకాలంలో బూజే తలనొప్పి. పశ్చిమ దేశాల్లో రాసిన సూచనలు చలిగదులను దృష్టిలో పెట్టుకుని రాసినవి. వాటిని ఇక్కడ అలాగే పాటిస్తే గుడ్లు ఉడికిపోతాయి.

చట్టం సంగతి కూడా దాటవేయలేం. బాల్ పైథాన్ మన దేశపు పాము కాదు, అంతర్జాతీయ వ్యాపారం మీద నియంత్రణ ఉన్న సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ, 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి జీవులు ఉన్నవాళ్లు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కొత్తగా పుట్టిన పిల్లలను కూడా తెలియజేయాలి. విదేశాల నుంచి సంచుల్లో దాచి తెచ్చిన బాల్ పైథాన్లను చెన్నై విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్లు పట్టుకోవడం పలుసార్లు వార్తల్లోకి వచ్చింది. ఆ దారిలో వచ్చిన పాముకు ఎంత చక్కగా గుడ్లు పొదిగించినా తప్పు తప్పే.

మన కొండచిలువ కథ మరో తీరు. చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉన్న ఈ పామును ఇంట్లో పెంచడానికి ఎవరికీ అనుమతి లేదు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్ జాతీయ పార్కులో ఇవి ముళ్లపంది బొరియల్లో ఉంటాయి. తెలుగు జిల్లాల్లో పొలం గట్ల కింద, పాత కాలువల పక్కన రాళ్ల సందుల్లో ఎండాకాలంలో గుడ్లతో కనబడుతుంటాయి. జేసీబీతో చదును చేసేటప్పుడు బయటపడి, గుడ్లు చెల్లాచెదురైన ఫొటోలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. గుడ్లతో ఉన్న కొండచిలువ కనబడితే దాన్ని పట్టి దూరంగా వదలడం కంటే, అక్కడ పని కొన్ని వారాలు ఆపి అటవీశాఖకు చెప్పడమే సరైన దారి. తల్లిని ఒక చోటికి, గుడ్లను ఇంకో చోటికి చేరిస్తే రెండింటికీ నష్టమే.

పెట్టెలోని బాల్ పైథాన్ దగ్గరికి మళ్లీ వస్తే, చివరి రెండు వారాల్లో భయపెట్టే మార్పు ఒకటి కనబడుతుంది. నిండుగా, తెల్లగా ఉన్న గుడ్లు లోపలికి కుంగి చొట్టలు పడతాయి. 45, 50 రోజులు దాటాక ఇది మామూలే, లోపల పిల్ల పూర్తిగా ఎదిగిందనడానికి గుర్తు. అదే చొట్ట రెండో వారంలోనో మూడో వారంలోనో కనబడితే తేమ తక్కువైందని అర్థం. అప్పుడు నాచు తడిపి, గాలి రంధ్రాలు కొన్ని మూస్తే చాలాసార్లు గుడ్లు తిరిగి నిండుతాయి. ఏ రోజు చొట్ట పడిందన్నదాన్ని బట్టే అర్థం మారుతుంది కాబట్టి గుడ్లు పెట్టిన తేదీ పెట్టె మీదే రాసి ఉంచడం ఎంతో అవసరం.

పిల్ల ముక్కు చివర చిన్న పన్ను ఒకటి ఉంటుంది, బయటపడ్డాక రాలిపోతుంది. దాంతో పెంకు మీద బ్లేడుతో కోసినట్టు సన్నని గీతలు పెడుతుంది. ఆ చీలికలోంచి ముందు చిక్కటి జిగురు కారుతుంది, తర్వాత ముక్కు బయటికి వస్తుంది. అలాగే తల పెట్టుకుని, ఎవరైనా కదిలితే లోపలికి లాక్కుంటూ, ఒక రోజు, ఒక్కోసారి రెండు రోజులు గుడ్డులోనే ఉండిపోతుంది. ఆ సమయంలో మిగిలిన పచ్చసొనను కడుపులోకి తీసుకుంటుంది, బొడ్డు దగ్గర రక్తనాళాలు మూసుకుంటాయి. మొదటి గుడ్డు చీలగానే మిగతావాటిని కత్తెరతో కోసి తెరిచే అలవాటు కొంతమంది పెంపకందారుల్లో ఉంది. తొందరపడి కోస్తే రక్తనాళం తెగుతుంది, సొన పూర్తికాకుండానే పిల్ల బయటపడుతుంది. తల్లి రెండు నెలలు కాపాడిన నీటిని చివరి రోజు కత్తెర పెట్టి ఆరబెట్టడం ఏ విధంగానూ సమర్థించలేం. మొదటి పిల్ల బయటికొచ్చి రెండు మూడు రోజులైనా ఒక గుడ్డులో ఏ కదలికా లేకపోతే, అప్పుడు జాగ్రత్తగా పైభాగాన చిన్న కిటికీ కోసి చూడటంలో తప్పు లేదు.

పిల్లలు పెంకు చీల్చడం మొదలుపెట్టాక తల్లి చుట్ట సడలుతుంది. బాల్ పైథాన్ తల్లి పిల్లలను సాకదు, ఇక్కడితో దాని కాపలా అయిపోయినట్టే. ఈ విషయంలో దక్షిణాఫ్రికా కొండచిలువ వేరు. గ్రాహమ్ అలెగ్జాండర్ ఏళ్ల తరబడి రేడియో ట్రాన్స్‌మిటర్లతో వాటిని గమనించి 2018లో ప్రచురించిన పరిశోధనలో, తల్లి ఎండలో ఒళ్లు కాచుకుని బొరియలోకి తిరిగొచ్చి ఆ వేడినే గుడ్లకు ఇస్తుందని తేలింది. పొదిగే కాలంలో ఎండ బాగా పీల్చుకోవడానికి దాని రంగు నల్లబడుతుంది. పిల్లలు పుట్టాక కూడా దాదాపు రెండు వారాలు వాటితోనే ఉండి రాత్రిళ్లు చుట్టలో పడుకోనిస్తుంది. బర్మీస్ పైథాన్ వణికి వేడి పుట్టిస్తే, ఇది ఎండ నుంచి మోసుకొస్తుంది. బాల్ పైథాన్ ఈ రెండూ చేయదు.

పిల్లలు 50, 60 గ్రాముల బరువుతో పుడతాయి. వారం నుంచి రెండు వారాల్లో మొదటి కుబుసం విడుస్తాయి. అప్పటిదాకా కడుపులోని సొనే వాటికి తిండి. కుబుసం తర్వాత చిన్న ఎలుకపిల్ల పెడితే తీసుకుంటాయి. తల్లికి మాత్రం గుడ్ల వాసన ఉన్నంతసేపు తిండి మీదికి మనసు పోదు. పెట్టె మొత్తం కడిగి, అడుగున పరిచినవన్నీ మార్చి, తల్లిని గోరువెచ్చని నీళ్లతో మెల్లగా కడిగితే కొద్ది రోజుల్లో ఆకలి తిరిగొస్తుంది. మొదట మామూలు కంటే చిన్న ఎలుకను పెట్టాలి. వారానికోసారి బరువు చూస్తూ తిండి పెంచాలి. పోయిన కండ తిరిగి పట్టడానికి నెలలు పడుతుంది. అడవిలో చాలా ఆడపాములు ప్రతి ఏడూ గుడ్లు పెట్టవు. ఇంట్లో పెంచేవాళ్లు కూడా బరువు పూర్తిగా వచ్చిందని కళ్లతో చూసేదాకా ఆ తల్లిని మగపాముతో కలపకుండా ఒక ఏడాది వదిలేయడమే దానికి చేసే మేలు.